మూడో తరగతి, ఎండముక్క, రెండు జిల్లాలు

మా నాయనమ్మని మీది ఏ జిల్లా అని ఎవరడిగినా పోయేదాకా "ఇశాపట్నం జిల్లా" అనే చెప్పింది. మా నాన్న శ్రీకాకుళం జిల్లా అనేవాడు. నేను ఒకటీ రెండూ తరగతులు శ్రీకాకుళం జిల్లాలో చదివి, వేసవి సెలవులయ్యాక అదే బడిలో, అదే తాటాకు చాప మీద, విజయనగరం జిల్లా పిల్లాడినై మూడో తరగతిలో కూర్చున్నాను. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాలోంచి శ్రీకాకుళాన్ని విడదీశారు. 1979 జూన్ 1న ఆ రెండిట్లోంచీ కొన్నికొన్ని తాలూకాలు తీసి విజయనగరం జిల్లా చేశారు. మా చీపురుపల్లి తాలూకా రెండుసార్లూ చేతులు మారింది, అంతే సంగతి.

కానీ మూడో తరగతి వాడికి అదేమంత చిన్న సంగతి కాదు. మా రోజుల్లో మూడో తరగతి సాంఘికశాస్త్రం అంటేనే "మన జిల్లా". నాలుగులో రాష్ట్రం, అయిదులో దేశం. పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే శ్రీకాకుళం జిల్లా పటం, మా కంటే ముందు చదివినవాళ్ళు రంగు పెన్సిళ్ళతో పామేసిన పటం (కొత్త పుస్తకం ఎవడు కొన్నాడు, పై తరగతివాళ్ళ దగ్గర సగం ధరకి తీసుకోవడమే). బడి తెరిచిన వారానికి మా మేస్టారు ఒక పాత పేపరు తెచ్చి, ఇదిగో చూడండర్రా మనం జిల్లా మారిపోయాం అని చదివి వినిపించి, పెన్సిలు తియ్యమన్నారు. పటం మధ్యలో వంకరటింకరగా ఒక గీత గీయించారు. అటు శ్రీకాకుళం, ఇటు విజయనగరం. నేను ఉత్సాహం కొద్దీ రబ్బరు తీసి "శ్రీకాకుళం జిల్లా" అన్న అక్షరాలు చెరపబోయాను, అచ్చక్షరాలు పెన్సిలు రబ్బరుకి పోతాయా, కాగితం చిరిగింది.

"చెరపొద్దురా. గీత కొట్టి పక్కన రాసుకో. ఏది ఏదైందో తరవాత చూసుకోడానికి ఉండాలి కదా."

"అయితే పుస్తకం తప్పా మేస్టారూ?"

"తప్పు కాదు. పాతది."

ఆ రెండిటికీ తేడా ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. పుస్తకంలో ఉన్నది మారుతుందన్న సంగతే నాకు పెద్ద షాకు.

బడి అంటే పెంకుల కప్పున్న ఒక్క గది, ముందు వరండా, పక్కన చింతచెట్టు. అయిదు తరగతులూ ఆ ఒక్క గదిలోనే. ఇద్దరు మేస్టార్లని పేరుకి, రెండో ఆయన ఏడాదిలో సగం రోజులు ఇంకో ఊళ్ళో పనిమీద ఉండేవారు. అంచేత ఉన్నాయనే ఒకటో తరగతి చేత అ ఆలు దిద్దిస్తూ, రెండుకి ఎక్కాలు అప్పజెప్పి, మూడుకి చూచిరాత ఇచ్చి, నాలుగు చేత పాఠం చదివిస్తూ, అయిదుకి లెక్క చెప్పేవారు. ఇప్పుడు చెప్తే మా పిల్లలు జాలిపడతారు గానీ ఆ ఏర్పాటులో ఒక సుఖం ఉంది, చూచిరాత రాస్తున్నట్టు తల వంచుకుని పై తరగతి పాఠాలన్నీ ఊరికే వినేయొచ్చు. అయిదో తరగతి వాడు భిన్నాలు తప్పు చెప్తే రెండో తరగతి వాడు కిసుక్కున నవ్వేవాడు, నవ్వినందుకు ఇద్దరికీ పడేవి. మా అప్ప (మా వైపు అక్కని అప్ప అంటాం) నాకంటే రెండు తరగతులు పైన, అంటే నేను మూడులో ఉన్న ఆ ఏడాది తను అయిదు. గదికి ఉత్తరం గోడ పక్కన తన వరస. నేను మధ్యలో. ఇది గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

ఉదయం ప్రార్థన, తరవాత ప్రతిజ్ఞ. చెయ్యి చాచి గుక్క తిప్పుకోకుండా చెప్పేసేవాళ్ళం. ఆ ప్రతిజ్ఞ రాసింది పైడిమర్రి వెంకటసుబ్బారావు గారని, 1962లో ఆయన పక్కనే విశాఖపట్నంలో ట్రెజరీ ఉద్యోగం చేస్తూ రాశారని నాకు నలభై దాటాక తెలిసింది. మా పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది గానీ పేరు ఉండేది కాదు.

తెలుగు పాఠం దగ్గర మాకు పెద్ద తంటా వచ్చేది. పుస్తకం మా ఊరి మాట మాట్లాడేది కాదు. ఒకసారి ధాన్యాల పాఠంలో "రాగులు" అని వచ్చింది. రాగులంటే ఏంట్రా అంటే ఎవడికీ తెలీదు. ఒకడు లేచి రాగి చెంబులు మేస్టారూ అన్నాడు. పొద్దున్న ఇంట్లో తాగొచ్చింది ఆ రాగుల అంబలే అందరం! మాకవి చోళ్ళు. సజ్జలు అంటే గంటెలు, వాగు అంటే గెడ్డ, విత్తనం అంటే పిక్క. మేస్టారు బోర్డు మీద నిలువుగా గీత గీసి ఎడమ పక్క పుస్తకం మాట, కుడి పక్క ఇంటి మాట రాయించేవారు. ఆ పట్టిక పెరిగి పెరిగి నోటుపుస్తకంలో మూడు పేజీలైంది. ఇంట్లో మాట తప్పు అని ఆయన ఏనాడూ అనలేదు. పరీక్షలో మాత్రం ఎడమ పక్కది రాయండి, లేకపోతే పేపరు దిద్దేవాడికి అర్థం కాక సున్నా వేస్తాడు అనేవారు. నేను హైస్కూలుకి వెళ్ళాక ఇంకొకాయన "నానెల్లిపోనాను" అన్నందుకు క్లాసంతా నవ్వేలా వెక్కిరించాడు, ఆరోజు నుంచి చాలా ఏళ్ళు బయట నోరు జాగ్రత్తగా తెరవడం అలవాటైంది. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు, 1863 ఆగస్టు 29న. ఆ తేదీనే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. సవర గిరిజనుల భాష కూడా నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు చేసినాయన. అలాంటాయన పుట్టిన గడ్డ మీద మా యాసకి నవ్వులు. సరే, ఆ మంట ఇక్కడెందుకు.

లెక్కలకి వద్దాం. మా లెక్కల సామాను మొత్తం గోగుపుల్లలు. మా వైపు అప్పట్లో గోగు బాగా వేసేవాళ్ళు, నార కోసం. వానలు వెనకపట్టాక కోసి, కట్టలు కట్టి, ఊరి బందలో ముంచి పైన మట్టిపెళ్ళలు బరువు పెట్టేవారు. రెండు మూడు వారాలు కుళ్ళాలి. ఆ కంపు తెలిసినవాడికి చెప్పక్కర్లేదు, తెలియనివాడికి చెప్పినా తెలీదు. బడికి గాలి అటు నుంచే. ముక్కు మూసుకుని కూర్చున్నవాళ్ళకి మేస్టారు ఆ రోజు సైన్సు పాఠం అదే చెప్పేశారు, నీళ్ళలో కంటికి కనపడని పురుగులుంటాయి, అవి పుల్లకీ నారకీ మధ్య ఉన్న జిగురు తినేస్తాయి, అందుకే నార ఊడి వస్తుంది, పురుగులు చేసే పనికి మీరు ముక్కు మూసుకుంటే ఎలా, కూలి అడక్కుండా చేస్తున్నాయి అని. నార ఒలిచేశాక తెల్లగా, దూదంత తేలిగ్గా మిగిలేవే గోగుపుల్లలు. పొయ్యిలో పెట్టుకోగా మిగిలినవి మా బడికి.

వాటిని బెత్తెడు ముక్కలుగా విరిచి, పదేసి కలిపి గోగునారతోనే కట్ట కట్టాలి. అలాంటి పది కట్టలు కలిపి పెద్ద మోపు. విడి పుల్లలు ఒకట్లు, కట్టలు పదులు, మోపు వంద. నలభై రెండులోంచి పదిహేడు తియ్యాలంటే, రెండు విడి పుల్లల్లోంచి ఏడు రావు, అప్పుడొక కట్ట ముడి విప్పాలి. ఆ ముడి పళ్ళతో లాగి విప్పడం, నార తడి వాసన, పది పుల్లలూ జల్లున చాప మీద పడటం, వాటిని ఆ రెండిటి పక్కన చేర్చుకుని పన్నెండులోంచి ఏడు తియ్యడం... అప్పు తెచ్చుకోవడం అని అందరూ ఒక మాటగా నేర్చుకునే దాన్ని నేను వేళ్ళతో నేర్చుకున్నాను. ఇప్పటికీ బ్యాంకులో చిల్లర లెక్కపెడుతుంటే ఎక్కడో ముడి విప్పుతున్నట్టే ఉంటుంది. మేస్టారు కొట్టడానికీ గోగుపుల్లే వాడేవారు, చప్పుడెక్కువ, దెబ్బ తక్కువ. నిజంగా కోపమొచ్చినప్పుడు మాత్రం చింతబరికె. దాని సంగతి వేరు.

కొలతల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో లీటర్లు, మిల్లీలీటర్లు. ఊళ్ళో లీటరు డబ్బా ఉన్నది కిరోసిన్ కొట్టులో ఒక్కటే. అంచేత ఇంట్లో ఉన్న కొలతలు తెమ్మన్నారు. ఒకడు గిద్ద, ఒకత్తి సోల, ఇంకొకడు తవ్వ, బుగత (మా వైపు భూస్వామిని అలా అంటాం) గారింటి నుంచి ఇత్తడి కట్లున్న కుంచం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కుంచానికి ఎన్ని గిద్దలు? అని ఇసక పోసి కొలిపించారు. అరవైనాలుగు రావాలి. మాకు అరవైరెండు వచ్చాయి. మళ్ళీ కొలిస్తే అరవైమూడు. ఎవరి గిద్ద పెద్దదో, ఎవరి కుంచం చిన్నదో తేలక గది అంతా గొడవ, మా నాన్న ఎప్పుడూ ఆ కుంచంతోనే ధాన్యం కొలిపించుకునేవాడని నేను ఇంటికెళ్ళి చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. మర్నాడు మేస్టారు దగ్గరకొచ్చి ఏదో నెమ్మదిగా మాట్లాడి వెళ్ళాడు. ఆ తరవాత కుంచం బడికి రాలేదు.

ఇంకో ముచ్చట, రాయి. ఊరి పక్క మెట్ట ఎక్కితే దూరంగా హౌరా - మద్రాసు లైను కనిపించేది. గూడ్సు వచ్చిందంటే పెట్టెలు లెక్కపెట్టడమే మా పని, ఒకడికి నలభై ఒకటి వస్తే ఇంకొకడికి ముప్పైతొమ్మిది. ఆ గూడ్సుల్లో ఏం పోతుందని ఒకరోజు ప్రశ్న వచ్చింది. గరివిడి వైపు గనిలో పనిచేసేవాడి కొడుకొకడు మాతో చదివేవాడు, మర్నాడు జేబులో ఒక నల్లరాయి తెచ్చాడు. గుప్పెడంతే ఉంది గానీ చెయ్యి కిందకి లాగేస్తుంది. పట్టుకున్నవాడి అరిచెయ్యి మసిపట్టినట్టు నల్లగా అయింది. ఇనుము ఇనుము అని అందరం అరిచాం. మేస్టారు ఏమీ అనకుండా పాడైన రేడియోలోంచి తీసిన అయస్కాంతం ఇచ్చి అంటించమన్నారు. అంటలేదు. తిరగేసి పెట్టాం, రుద్దాం, ఉమ్మి పెట్టాం. ఊహూ.

అది మాంగనీసు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే మా వైపు, 1890ల్లో. రైల్లో విశాఖ రేవుకి పోయి అక్కణ్ణుంచి ఓడలెక్కుతుంది, ఉక్కులో కలిపితే ఉక్కు గట్టిపడుతుంది అని చెప్పి, మేస్టారు లేచి వరండాలోకి వెళ్ళి మా బడి గంటని టంగుమని ఒక్కటి కొట్టారు. మా గంటంటే గుడిగంట కాదు, తాడుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. "ఇందులో కూడా ఉందిరా, వందకి ఒక వంతు" అన్నారు. రాయి తెచ్చినవాడు ఆ రోజంతా గంట కింద నిలబడి పైకి చూస్తూనే ఉన్నాడు. వాళ్ళ నాన్న తవ్విందే ఆ గంటలో ఉందని వాడికి గట్టి నమ్మకం, మేమెవ్వరం కాదనలేదు.

సంక్రాంతి నెలలో ఆడపిల్లలకి లెక్కల్లో మా మీద పైచెయ్యి వచ్చింది. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి రోజూ తెల్లారేసరికి వాకిళ్ళలో చుక్కల ముగ్గులు. మా అప్ప ఏడు చుక్కల ముగ్గు వేసేది: ఒకటి, మూడు, అయిదు, ఏడు, మళ్ళీ అయిదు, మూడు, ఒకటి. మేస్టారు బడి ముందు అదే వేయించి మొత్తం చుక్కలెన్ని అని అడిగారు. మేం మగపిల్లలం వంగి వేలుతో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెడుతున్నాం. అప్ప నిలబడే "ఇరవైయైదు" అంది. ఎలా అంటే, ఒకటీ మూడూ నాలుగు, అయిదు కలిపితే తొమ్మిది, ఏడు కలిపితే పదహారు, కింద మిగిలింది మళ్ళీ తొమ్మిదే కదా మేస్టారూ, అంది. పిండి ఎంత పడుతుందో చూసుకోడానికి రోజూ వేసే లెక్కే అది తనకి. బేసి సంఖ్యలు వరసగా కలిపితే వర్గాలు వస్తాయన్న సంగతి నేను హైస్కూల్లో చదివినప్పుడు, అరె ఇది మా వాకిట్లో ముగ్గు కదా అనుకున్నాను.

ఇప్పుడు ఎండముక్క సంగతి. అసలు ఇదంతా రాయడం మొదలెట్టింది దీని కోసమే.

మా గదికి తూర్పున ఒక కిటికీ. పొద్దున్న బడి గంట కొట్టే వేళకి దాంట్లోంచి పలక ఆకారంలో ఒక ఎండముక్క గచ్చు మీద పడేది. 1979 అక్టోబరు 2న, గాంధీ జయంతికి జెండా ఎగరేసి పప్పుబెల్లాలు పంచాక, మేస్టారు చేతివాచీ చూసుకుని సరిగ్గా తొమ్మిదింటికి ఆ ఎండముక్క నాలుగు మూలలా సుద్దతో గుర్తులు పెట్టి, పక్కన తేదీ వేశారు. చెరిగిపోకుండా తరవాత సున్నం పూశారు. ఎందుకని అడిగితే చూడండి అన్నారంతే. ప్రతి శనివారం తొమ్మిదింటికి ఇంకో గుర్తు. ఎండముక్క నడవడం మొదలుపెట్టింది. సూర్యుడు దక్షిణానికి జరుగుతున్నకొద్దీ అది ఉత్తరం వైపుకి, గది లోపలికి జరుగుతూ పోయింది. దీపావళి నాటికి మా మూడో తరగతి వరస దాటేసింది. డిసెంబరు చలికి అందరం వణుకుతుంటే అది పోయి సరాసరి మా అప్ప ఒళ్ళో కూర్చుంది. నాకు ఎంత ఉడుకుమోతుతనం వచ్చిందంటే, మేస్టారూ అప్ప రోజూ ఎండ కాచుకుంటోంది పాఠం వినటంలేదు అని చాడీలు చెప్పాను.

క్రిస్‌మస్ దగ్గర్లో ఎండముక్క ఆగిపోయింది. రెండు శనివారాలు దాదాపు అక్కడే. తరవాత నెమ్మదిగా వెనక్కి బయల్దేరింది. అప్పుడు చెప్పారు మేస్టారు, అరసవల్లి సంగతి. అరసవల్లి సూర్యదేవుడి పాదాల మీద ఏడాదికి రెండుసార్లు ఎండ పడుతుందని అందరికీ తెలుసు, అక్టోబరు మొదట్లో ఒకసారి, మార్చి రెండో వారంలో ఒకసారి. ఎందుకు రెండుసార్లే? ఎందుకు ఆ రోజుల్లోనే? సూర్యుడు దక్షిణానికి పోతూ ఒకసారి ఆ గుమ్మానికి ఎదురుగా వస్తాడు, చివరిదాకా పోయి తిరిగొస్తూ మళ్ళీ ఒకసారి వస్తాడు. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి ఎనభై రోజులు, అక్కణ్ణుంచి మళ్ళీ ఎనభై రోజులు లెక్కపెట్టండి అన్నారు. అయిదో తరగతివాళ్ళు క్యాలెండరు ముందేసుకుని లెక్కపెట్టారు. మార్చి 10 వచ్చింది. అంటే మార్చి 10న మన ఎండముక్క ఎక్కడుండాలి? అక్టోబరు 2 గుర్తు మీద, అని గదంతా ఒకేసారి.

ఈలోపు ఫిబ్రవరిలో గ్రహణం వచ్చింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం. మా ఈడువాళ్ళకి అందరికీ గుర్తుండే ఉంటుంది. ముందురోజు బళ్ళో కిటికీ మూసి లాంతరు వెలిగించి, ఒక నిమ్మకాయ ఇచ్చి, ఒక కన్ను మూసి నిమ్మకాయని కంటి ముందు జరపమన్నారు. దగ్గరగా పెడితే అంత లాంతరూ నిమ్మకాయ వెనక మాయం. రాహువూ లేడు కేతువూ లేడు, నిమ్మకాయే అనుకుంటూ ఇంటికెళ్ళాను. ఇంట్లో నాయనమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసేసి, మధ్యాహ్నానికే అందర్నీ లోపలికి తోసి తలుపులు బిగించింది. నిమ్మకాయ సంగతి చెప్పబోతే నోరుముయ్యమంది.

చీకటి గదిలో నేనూ అప్పా గోడకి ఆనుకుని కూర్చున్నాం. మా ఇంటి పెంకుల మధ్య సందుల్లోంచి ఎండ ఎప్పుడూ నేల మీద చిల్లిగవ్వలంత చుక్కలుగా పడుతూనే ఉంటుంది, వాటిని ఎవరూ పట్టించుకోరు. అప్ప నన్ను మోచేత్తో పొడిచి "ఒరే, సూడ్రా" అంది. చుక్కలు గుండ్రంగా లేవు. ప్రతి చుక్కనీ ఒకే పక్క నుంచి ఎవరో కొరికినట్టుంది. చూస్తుండగానే సగాలయ్యాయి, తరవాత కొడవళ్ళయ్యాయి, నేల మీదా, మంచం మీదా, నాయనమ్మ వీపు మీదా, పదులకొద్దీ బుల్లి కొడవళ్ళు. అప్ప అన్నం కంచం తిరగేసి ఒకదాన్ని పట్టుకుంది. కంచం పైకెత్తితే చిన్నదవుతోంది, దించితే పెద్దదవుతోంది. మా వైపు సూర్యుడు దాదాపు పూర్తిగా మూసుకుపోయాడు ఆరోజు, నాలుగు కాకముందే ఒక్కసారి అలుముకున్న చీకటికి కాకులు గోలగోలగా చింతచెట్టుకి చేరాయి, గదిలో కొడవళ్ళన్నీ ఆరిపోయాయి. నాయనమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. కాసేపటికి మళ్ళీ నేల మీద వెలుగు గోళ్ళు మొలిచాయి, ఈసారి రెండో పక్క నుంచి.

సోమవారం అప్ప కంచం సంగతి చెప్తే మేస్టారు బోర్డు మీద సూర్యుణ్ణి వేసి, మధ్యలో చిల్లి వేసి, పై నుంచి ఒక గీత కిందకి, కింద నుంచి ఒక గీత పైకి లాగారు. చిల్లి దగ్గర గీతలు దాటుకున్నాయి. అంటే మీ కంచంలో సూర్యుడు తలకిందులుగా ఉన్నాడమ్మా అన్నారు. అయిదో తరగతి ఆడపిల్లని ఆయన "అమ్మా" అని గారు స్థాయిలో పిలవడం ఆరోజే విన్నాను.

మార్చి 10 సోమవారం. బడికి ముందే అందరం హాజరు. తొమ్మిదయింది. ఎండముక్క వచ్చింది, అక్టోబరు సున్నపు గుర్తు దగ్గరికైతే వచ్చింది గానీ దాని మీద పడలేదు! జానెడు తేడా. గదంతా నిట్టూర్పు. మేస్టారు వాచీ చెవి దగ్గర పెట్టుకున్నారు, ఆడించారు. "నా వాచీదే తప్పయుంటుంది" అన్నారు చివరికి, కానీ ఆయన మొహం చూస్తే ఆయనకే నమ్మకం లేదు. అలా కూర్చుని చూస్తుంటే, పదిహేనూ ఇరవై నిమిషాలకి ఎండముక్క జరిగి జరిగి గుర్తు మీదకి ఇంచుమించు అతికినట్టు వచ్చింది. చప్పట్లు కొట్టేశాం. ఆయన మాత్రం చప్పట్లు కొట్టలేదు.

చాలా ఏళ్ళకి, ఉద్యోగంలో చేరాక, ఎక్కడో చదువుతుంటే జవాబు దొరికింది. గడియారం ఏడాది పొడుగునా ఒకే నడక నడుస్తుంది, సూర్యుడు అలా నడవడు. అక్టోబరు మొదట్లో సూర్యుడు గడియారపు సగటు లెక్క కంటే పది నిమిషాలు ముందుంటాడు, మార్చి 10 నాటికి పది నిమిషాలు వెనకుంటాడు. మొత్తం ఇరవై నిమిషాలు. వాచీ తప్పు కాదు, మేస్టారి తప్పూ కాదు. ఆయనకి చెబుదామనిపించింది. అప్పటికే ఆయన పోయి ఆరేళ్ళు.

ఇదంతా చదివి ఎంత గొప్ప బడో అనుకోకండి. ఆ బడి మూల నీళ్ళకుండ ఉండేది, అందరూ ముంచుకుని తాగేవాళ్ళం కాదు, పల్లె (దళితవాడ) పిల్లలకి పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళం, ఆ పోసే డ్యూటీ వంతులవారీగా మాదే. అదే గదిలో అయిదో తరగతి పౌరశాస్త్రంలో అందరూ సమానులే అని బట్టీ పడుతుండేవారు. గంటలో మాంగనీసు ఉందని చెప్పినాయన ఆ కుండ గురించి ఏమీ చెప్పలేదు. నూర్పిళ్ళప్పుడు సగం గది ఖాళీ. పద్యాలు అర్థం తెలీకుండా గడగడా అప్పజెప్పించుకునేవారు, వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు. రాయి తెచ్చినవాడు నాలుగుతో ఆపేసి గనికే పోయాడు. మా అప్ప అయిదులో ఫస్టు, ఆ పైన చదవాలంటే చీపురుపల్లి హైస్కూలు, రోజూ నడిచి వెళ్ళి రావాలి, ఆడపిల్ల. మేస్టారు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగారు. నాన్న కాదనలేదు, అవుననలేదు, నవ్వి మజ్జిగ ఇచ్చి పంపాడు. రెండేళ్ళకి అదే దారిలో అదే హైస్కూలుకి నన్ను పంపించాడు, కొత్త చెప్పులు కొనిచ్చి మరీ.

అప్పకి రాజాం సంబంధం చేశారు. మా ఊరికి దగ్గరే గానీ జిల్లా వేరు, వాళ్ళది శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. సారె పట్టుకెళ్ళిన రోజు బస్సులో మా నాన్న, పిల్లని పైజిల్లా ఇచ్చీసినానురా అని ఒకటే గొణుగుడు.

2022 ఏప్రిల్ 4న మళ్ళీ జిల్లాలు మార్చారు కదా, ఆ సాయంత్రం అప్ప ఫోను. "ఒరే తమ్ముడూ, నన్ను మళ్ళీ మీ జిల్లాలో కలిపీసినారురా!" అని నవ్వు. రాజాం విజయనగరంలోకి వచ్చింది. ఆ ఏడాది జూలైలో చూడ్డానికి వెళ్ళాను. అప్ప మనవరాలు మూడో తరగతి. ఇప్పుడు సాంఘికశాస్త్రం కాదు, పరిసరాల విజ్ఞానం. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు, రంగుల బొమ్మలు, పుస్తకం ముద్దొచ్చేలా ఉంది. బోర్లా పడుకుని హోంవర్క్ రాసుకుంటోంది. నా పేరు, మా ఊరు, మా జిల్లా. పిల్ల అలవాటు కొద్దీ శ్రీకాకుళం అని రాసేసింది, రాశాక గుర్తొచ్చి, అయ్యో అని రబ్బరు తీసింది.

ఒత్తులు చేసుకుంటున్న అప్ప తల ఎత్తకుండానే అంది, "రుద్దకే. గీత కొట్టి పక్కన రాసుకో. తరవాత సూసుకోడానికి ఉంటాది."